ఆఖరి రీలు రాని రాత్రి

వుర్యాని వీపులో బొరియ తవ్వడానికి
నాకు మూడు గంటలు పట్టేది.
రబ్బరు పాలు, దూది, జిగురు,
అంచులకి ఎర్ర రంగు, లోపలికి దీపం మసి,
పురుగులకి బదులు అన్నం మెతుకులు.
బోర్లా పడుకుని ఆమె
కొడుకు స్కూలు ఫీజు లెక్కలు చెప్పేది.
"కదలకు" అనేదాన్ని.
"కదలకుండా పడుండటానికేగా నాకు జీతం" అని నవ్వేది.
నవ్వితే బొరియ అంచు చిట్లేది.
మళ్ళీ మొదలు.

జకార్తా శివార్లలో, రేకుల స్టూడియోలో
ఆ ఏడాది అది ఆమెకి ఆరో చావు.
ఒకసారి ఇద్దరు తాగుబోతులు, ఒకసారి ఎస్టేటు యజమాని,
ఒకసారి సొంత మరిది.
మొదటి ఇరవై నిమిషాల్లో వాళ్ళ పని అయిపోయేది.
కెమెరాకి అప్పుడు ఎక్కడలేని తీరిక.
మడమ, పిక్క, తెగిన గుండీ.
దర్శకుడు హర్సోనో గారు
ఆ సీనుకి మాత్రం కుర్చీ ముందుకి జరుపుకునేవాడు.

చచ్చాక ఆమెకి తెల్ల గౌను ఇచ్చేవాళ్ళం,
మోకాళ్ళు దాటే జుట్టు,
ఎగరడానికి నడుముకో ఇనుప తీగ.
గొంతు కూడా చచ్చాకే.
బతికున్నంతసేపూ "వద్దు" అనే రెండక్షరాలు తప్ప
స్క్రిప్టులో ఆమెకి మాట లేదు.

ఆ తర్వాత గంటసేపు సినిమా ఆమెది.
వెదురు పొదల్లో నవ్వు,
యజమాని స్నానాల తొట్టిలో నీళ్ళకి బదులు వెంట్రుకలు.
చివరి పది నిమిషాలు మాత్రం
తెల్ల టోపీ పెద్దాయనవి.
జపమాల తిప్పుతూ వచ్చి, నాలుగు మాటలు చదివి,
ఆమె నడినెత్తిన మేకు దించేవాడు.
ఆయన రాకపోతే సెన్సారు వాళ్ళు సంతకం పెట్టరు.
మేకు దిగిన ఆడదెయ్యం
మంచి పెళ్ళాం అవుతుందని మా పాత కథ.
దిగగానే ముఖం తేటపడాలి, తల వాలిపోవాలి.
ఆ మేకు మైనంతో చేసేది నేనే.
ఈ చేతులతోనే.

పెకలొంగన్‌లో మా పిన్ని వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు
బాతిక్ షావుకారు కొడుకు సున్తీ విందుకి
పొలంలో తెర కట్టించాడు.
ఒకటే ప్రింటు, రెండు ఊళ్ళు.
అక్కడ ఆడిన రీలు మోటారు సైకిలెక్కి ఇక్కడికి రావాలి.
నాలుగు వచ్చాయి.
అయిదోది రాలేదు. వానకి వంతెన మునిగిందట.

పైకప్పు మీద నిలబడ్డ వుర్యాని
అలా చూస్తూ చూస్తూ ఆగిపోయింది.
తెర తెల్లబడింది,
ఆమె గౌనంత తెలుపు.

జనరేటరు గురగుర.
మగాళ్ళ ఈలలు, కేకలు.
ఎవడో పిల్లాడు, "తాతయ్య ఇంకా రాలేదేం?"
నా పక్కన తర్సిహ్ అవ్వ,
నలభై ఏళ్ళు బట్టల మీద మైనం గీతలు గీసిన మనిషి,
వేళ్ళ సందున ఎండిన మైనం గిల్లుకుంటూ కాసేపు చూసి
చాప దులిపింది.
"అయిపోయిందిగా. బాగుంది" అంది.
చాపలన్నీ ఒక్కొక్కటే లేచాయి.

ఆ రాత్రి సందుల్లో
ఒక్క మగాడూ పెళ్ళాం లాంతరు వెలుగు దాటి
అడుగు వెయ్యలేదు.
మా బాబాయి అర్ధరాత్రి పిన్నిని లేపి
పెరట్లోకి తోడు రమ్మన్నాడు.
పిన్ని కాస్త ఆలోచించి గానీ లేవలేదు.

తిరిగెళ్ళి వుర్యానికి చెప్పాను.
"అయితే ఇంకా ఆ కప్పు మీదే ఉన్నానా?" అంది.
ఆపైన ఫీజు గడువు గురించి మాట్లాడింది.

తర్వాతి సినిమాకి మైనంలో
కొబ్బరి నూనె రెండు చుక్కలు ఎక్కువ పడింది.
పడిందో, వేశానో.
పెద్దాయన చదవాల్సింది చదివి, సుత్తి ఎత్తి కొట్టాడు.
మేకు వంగింది.
ఇంకో టేకు, మళ్ళీ వంగింది.
మూడోసారి తోటకూర కాడలా వాలిపోయింది.
హర్సోనో గారు నన్ను తిట్టని తిట్టు లేదు.
వుర్యాని మోకాళ్ళ మీద తలొంచుకునే ఉంది,
భుజాలు అదురుతున్నాయి.
పాపం, ఏడుస్తోంది అనుకున్నారు.

నేను వెనక నిలబడ్డాను.
బొరియ అంచు చిట్లడం
నాకు కనిపించింది.