వెనక ఎవరూ రావట్లేదు

హార్లింగెన్ రేవులో, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి
మేం నలుగురం ఒకే సోఫాలో ఇరుక్కునేవాళ్ళం.
టీవీలోనూ నలుగురే, మా ఈడువాళ్ళే.
కాకపోతే వాళ్ళకెవరికీ దగ్గు రాదు,
మాట మధ్యలో పళ్ళసెట్టు సర్దుకోరు.
వాళ్ళలో ఒకాయన తన చావుకి తేదీ పెట్టుకున్నాడు.
సరస్సు పక్కన ఇల్లు, తెల్ల కర్టెన్లు,
ఆయన కిటికీ దగ్గరికెళ్తే చాలు, ఎక్కడినుంచో వయొలిన్.

"ఆ వయొలిన్ వాణ్ణి ఎవరు పిలిచార్రా?" అనేది షౌక్యా.

షౌక్యాకీ తేదీ ఉంది.
గురువారం, పదకొండు గంటలకి.
ఆఖరి ఎపిసోడ్‌కి మూడు రోజుల ముందు.

ముప్పై ఎనిమిదేళ్ళు ఊరికి కారు నడపడం నేర్పిన మనిషి.
ఇప్పుడు చేతిలో చెంచా నడవదు.
నరాలు ఒక్కొక్కటే దుకాణం కట్టేస్తున్నాయి,
వేళ్ళు, మోచేయి, మెడ.
కుడికాలు మాత్రం, చిత్రం, మొన్నమొన్నటిదాకా
ఎవరి బండెక్కినా లేని బ్రేకు తొక్కేది.

వీబె అన్నాడు: టీవీవాళ్ళకి ఉత్తరం రాస్తాను,
ఆఖరిది ముందే చూపించమంటాను, కారణం చెప్తే కాదనరు.
ఆమె నవ్వింది. నవ్వు పూర్తవడానికి చాలాసేపు పట్టింది.
"వద్దు. ఏదో ఒకటి బాకీ ఉండనీ."

చిట్స్కె ఒప్పుకోలేదు. మొదటినుంచీ.
ఇచ్చినవాడే తీసుకోవాలి అంది,
మధ్యలో మనం చెయ్యి పెట్టకూడదు అంది,
అరవై ఏళ్ళ స్నేహంలో మొదటిసారి తలుపు విసిరికొట్టి పోయింది.
బుధవారం బఠానీ సూప్ గిన్నెతో తిరిగొచ్చింది.
"నేను ఒప్పుకున్నానని కాదు. ఉప్పు సరిపోయిందో చూడు."

గురువారం.
డాక్టర్ హిడ్సర్ పన్నెండు నిమిషాలు ఆలస్యం. సైకిలు పంచరు.
ఇలాంటి పనికి వచ్చేవాడు దారిలో పంచరు వేసుకుని వస్తాడని
ఆ సీరియల్లో ఎవరూ రాయలేదు.
చేతులకి నల్లటి గ్రీజు. కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.
అతనూ ఆమె శిష్యుడే. పద్దెనిమిదేళ్ళప్పుడు
పరీక్ష రెండుసార్లు తప్పాడు, రెండుసార్లూ రివర్సులోనే.
చట్టం అడగమన్నది అడిగాడు: ఇప్పటికీ ఇదే కావాలా?
ఊ, అంది.
సూది పట్టిన చెయ్యి వణికింది.
షౌక్యా చూసింది.
పక్కసీటులో కూర్చున్నప్పటి ఆ గొంతుని
ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, బయటికి తీసింది:

"అద్దం చూసుకో.
తొందరేం లేదు, అబ్బాయ్.
వెనక ఎవరూ రావట్లేదు."

వయొలిన్ లేదు.
రేవులో చేపల పడవ మీద సీగల్స్ కొట్టుకుంటున్నాయి.
వంటింట్లో చిట్స్కె బంగాళాదుంపలు చెక్కు తీస్తూనే ఉంది.
తినేది ముగ్గురం. ఆమె బకెట్టు నింపేసింది.

మా ఊళ్ళో ఎవరి గుమ్మం దిగినా "రేపటిదాకా" అంటాం,
రేపు కలిసినా, కలవకపోయినా.
హిడ్సర్ అలవాటుకొద్దీ అనేశాడు,
అనేసి, టోపీ నలుపుకుంటూ మెట్టు మీదే ఆగిపోయాడు.
"రేపటిదాకా," అన్నాడు వీబె, అతన్ని గట్టెక్కించడానికి.

ఆదివారం. ఎనిమిదిన్నర. సోఫాలో చోటు ఎక్కువైంది.
సరస్సు ఇంటాయన చివరి నిమిషంలో మనసు మార్చుకున్నాడు.
చెప్పుల్లేకుండా ఒడ్డంతా నడిచాడు,
వయొలిన్‌కి ఇక పట్టపగ్గాల్లేవు.
నేను చిట్స్కె వైపు చూడలేదు.
ఆవిడ కోరుకున్న ముగింపు అదే కదా.
"అబద్ధాలకోరు," అంది, టీవీతోనో, నాతోనో,
రిమోటు నా ఒళ్ళో పడేసి లేచింది.

ఆవిణ్ణి దింపడానికి బయల్దేరాను.
కాలవ మీది వంతెన పైకి లేచి ఉంది.
ఇంజను ఆపేశాను,
నిలబడ్డ బండిలో పెట్రోలు తగలెయ్యకు అనేది షౌక్యా.
ఏ పడవో, పేరు కనబడలేదు,
దీపం ఒక్కటే మెల్లగా దాటుతోంది.
పక్కసీటులో చిట్స్కె కుడికాలు నేలకి నొక్కిపెట్టి ఉంది.
అద్దంలోకి చూశాను, అలవాటు.
చాలా దూరంలో ఒక జత హెడ్‌లైట్లు,
మా వైపే.