లాంతరు పట్టినవాడు

గూడూరు అభ్రకం డిపోలో
కాటా దగ్గర కూర్చునేవాణ్ణి.
రేకు మందం వేలికే తెలిసిపోయేది.
మనిషి మనసు మందమెంతో తేల్చమని
నెల్లూరు సెషన్సు కోర్టుకి పిలిచారు.

జూరీలు ఉన్న కాలం అది.
ఐదుగురం. ఐదు గ్లాసుల నీళ్ళు.
పంకా ఒక్కటే,
దాని గాలి ఫోర్‌మన్ పెంచలరెడ్డికే తగిలేది.

కృష్ణపట్నం దగ్గర కాలవలో ఉప్పు పడవ.
రాత్రి కాపలా భుజంగం తెల్లారేసరికి లేడు.
చెంగయ్య తెడ్డుతో కొట్టాడు.
అంకయ్య చేతులు వెనక్కి విరిచి పట్టాడు.
ఓబులేసు మోకు విప్పాడు.
నాలుగోవాడు మస్తానయ్య, పద్దెనిమిదేళ్ళు,
గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడ్డాడు.
అంతే.

జడ్జిగారు ఇంగ్లీషులో మొదలుపెట్టి
మా మొహాలు చూసి తెలుగులోకి దిగారు.
"ఉప్పు మూట పడవెక్కాలంటే
ఒకడు ఎత్తిపెట్టాలి, ఒకడు మొయ్యాలి,
ఒకడు పలక కదలకుండా తొక్కిపట్టాలి.
తొక్కినవాడి వీపుకి ఉప్పంటదు.
అయినా లెక్క రాసేటప్పుడు
వాడి పేర మూడోవంతు మూటని రాయం.
ముగ్గురి పేరా మొత్తం మూటే."

"అయితే" అని కళ్ళజోడు తీశారు.
"గట్టున ఊరికే నిలబడ్డవాడు కూలి అడగడు.
అక్కడ ఉండటమే నేరం కాదు.
నలుగురి మనసూ ఈ పనికే ఒక్కటైందా?
ముందురోజే కావచ్చు, ఆ క్షణమే కావచ్చు,
కానీ కావాలి.
చూసినవాడు వేరు, కాచినవాడు వేరు.
అనుమానం మిగిలితే ఆ మిగులు ముద్దాయిదే."

రాసుకోడానికి కాగితం ఉంది, నేను రాసుకోలేదు.
అర్థమైంది అనుకున్నాను.

పక్క పడవ రవణమ్మ సాక్ష్యం ఒక్కటే మిగిలింది చేతిలో.
"దెబ్బ పడేటప్పుడు ఆ పిలగాడు
లాంతరు మీద తువ్వాలు కప్పినాడయ్యా.
ఆనేక నాకేం కనపడలా."

గదిలో తలుపేసుకున్నాం.
కప్పాడంటే దాచాడనే, అన్నాడు రమణయ్య శెట్టి.
చూడలేక కప్పుండొచ్చు గదా, అన్నాడు ఖాదర్ సాహెబ్.
లెక్కల అయ్యవారు తడివేలితో బల్ల మీద
నాలుగు గీతలు గీసి
నాలుగోది ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.
"నా వల్ల కాదు, వాణ్ణి వదిలెయ్యండి" అన్నాడు.
పెంచలరెడ్డి శెట్టి వైపు.
ఇద్దరు, ఇద్దరు.
అయిదుంబావు బండికి ఇంకా అరగంట.

అందరూ నా వంక తిరిగారు.

అభ్రకంలో నల్లమచ్చ
పైపొరదో లోపొరదో తెలియాలంటే చీల్చాలి.
చీలిస్తే రేకు పనికిరాదు.
డిపోలో అలాంటివి పక్కన పెట్టేవాళ్ళం.
ఇక్కడ పక్కన పెట్టే గంప లేదు.
లేదా ఉందేమో, జడ్జిగారు చెప్పిన ఆ మిగులు,
నాకు ఆ మాట ఆ నిమిషంలో గుర్తు రాలా.

పెంచలరెడ్డి మా డిపోకి పెద్ద ఖాతాదారు.
"మీ మాటే నా మాట" అన్నాను.

కోర్టులో ఆయన ఒక్కడే లేచాడు.
నలుగురూ దోషులే, అన్నాడు ఒక్కడే.
మస్తానయ్య మాత్రం
ఆ చివర ఖాదర్ నించి ఈ చివర నా దాకా
ఐదుగురినీ వరసగా చూశాడు,
ఒకరి మీద ఎంతసేపో
ఇంకొకరి మీదా అంతేసేపు.

బండిలో పెంచలరెడ్డి పొట్లం విప్పి
మినప వడ చేతిలో పెట్టాడు.
"మనదేముందబ్బయ్యా, చట్టం చెప్పింది గదా."
తిన్నాను.

మనుబోలులో బండి ఆగింది.
చీకట్లో ఎవరో లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు,
మమ్మల్ని చూస్తున్నాడో
కాస్తున్నాడో.
చెమట పట్టింది. మొహం తుడుచుకుందామని
భుజం మీద తువ్వాలు తీశాను.
కాసేపు చేతిలోనే ఉంచుకుని
మళ్ళీ భుజాన వేసుకున్నాను.