గాలికి దారి

బస్రాలో జులై.
రోళ్ళేమిటి, రోడ్డు మీది తారే మరిగే మధ్యాహ్నం.
అషార్ బజారులో ఖుదైర్
పవర్ సప్లైని అరచేతిలో పెట్టి తూచాడు.
డబ్బా మీద రాసిన వాట్లు నమ్మడు.
"లోపల రాగి ఉంటే చెయ్యి కిందికి దిగుతుంది,
రాత ఎవడైనా రాస్తాడు."

దుకాణదారు మిజ్‌బాన్
రంగురంగుల దీపాల కేసొకటి తట్టి చూపించాడు.
ముందు అద్దం, పక్కన అద్దం,
గాలి దూరే సందు ఎక్కడా లేదు.
"పెళ్ళికూతురిలా లేదూ?"
"ఊపిరాడని పెళ్ళికూతురు," అన్నాడు ఖుదైర్.
చివరికి మేం కొన్నది
మొహం నిండా చిల్లులున్న నల్ల రేకు డబ్బా.

మా బ్లడ్ బ్యాంకులో సర్వర్ గది
ఒకప్పుడు చీపుర్లు దాచిన గది.
దాని ఒక్క కిటికీకీ
పడమర తప్ప వేరే దిక్కు తెలియదు.

పాత హీట్‌సింక్ ఊడదీస్తే
లోపలి పేస్టు ఎండిన మడిలా నెర్రెలు విచ్చి ఉంది.
స్పిరిట్‌తో తుడిచి
కొత్తది పెట్టాడు,
పసిపాప బుగ్గన దిష్టిచుక్కంత.
ఇంతేనా, అన్నాను.
"పెళ్ళి కుదిర్చినవాడు
కాపురంలో కూర్చోకూడదు."
పెళ్ళికాని మనిషి,
పోలికలు మాత్రం అన్నీ పెళ్ళివే.

తర్వాత బుఖూర్ వెలిగించి
పొగని డబ్బా ముందు పట్టాడు.
లోపలికి పోయింది, వెనకనుంచి వచ్చింది,
గోడని తాకి
చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకే చేరింది.
ఆరేళ్ళుగా
మేం వదిలిన వేడినే మేం పీల్చుకుంటున్నాం!
ఖర్జూరాల అట్టపెట్టెలు విప్పి
అడ్డంగా ఒక గోడ కట్టాం.
నాలుగు డిగ్రీలు తగ్గింది,
అట్టముక్కకి, ఒక రోల్ టేపుకి.

మూడో రోజు సాయంత్రం కరెంటు పోయింది.
జనరేటర్ ముసలిది.
రక్తం ఫ్రిజ్‌లని మోస్తుంది,
మా గది ఏసీని కూడా మొయ్యమంటే దగ్గుతుంది.
ఎవరూ ఎవరినీ అడగలేదు.
ఏసీ తీగ ఖుదైరే పీకేశాడు.

సంచి మీద గ్రూపు రాసి ఉంటుంది,
గ్రూపు వెనక మనిషి ఉండడు.
అర్ధరాత్రి పిలిస్తే వచ్చేదెవరో
ఆ నల్ల డబ్బాకే తెలుసు.
నర్సు సబీహా నోటుపుస్తకం తెచ్చింది.
ఓ నెగటివ్ వాళ్ళు తొమ్మిదిమంది,
నేను చదువుతున్నాను, ఆమె రాస్తోంది.
ఎనభై నాలుగు, అన్నాడు ఖుదైర్,
అట్టమూతతో విసురుతూ.
ఎనభై ఎనిమిది.
ఫ్యాన్లు పెళ్ళివారి బాకాల్లా అరుస్తున్నాయి.
(ఈ పోలిక నాకూ అంటుకుంది.)
తొంభై మూడు దగ్గర
ఎనిమిదో పేరు పూర్తయింది,
తొమ్మిదోది సగంలో ఉండగా ఆపేశాం.

ఆ నిశ్శబ్దంలో
పక్కగదిలో ఫ్రిజ్ గొణుగుడు వినిపించింది.
ఇన్నాళ్ళూ అది మాట్లాడుతోందని
మాకు తెలియదు.

రాత్రి రెండింటికి ప్రసూతి వార్డు నుంచి కబురు.
ఉన్న రెండు సంచులూ చాలవన్నారు.
ఆరో పేరు దగ్గర ఇల్లు.
కానీ చెమట పడి
చివరి అంకె చెరిగింది.
అరబ్బీ అంకెల్లో
రెండుకీ మూడుకీ తేడా ఒక్క పన్ను.
రెండు అనుకుని కొట్టింది సబీహా.
నిద్రగొంతు ఎత్తింది:
"నేను ఆయన్ని కాదు.
నాది బి పాజిటివ్. పనికొస్తుందా?"
రాదని చెప్పి, క్షమించమని,
మూడు కొట్టింది.
ఆయన పైజమాలోనే వచ్చాడు.

తెల్లారి కరెంటు వచ్చింది.
నల్ల డబ్బా ఊపిరి తీసుకుంది,
ముందునుంచి లోపలికి, వెనకనుంచి బయటికి,
దారి తప్పకుండా.
సబీహా ముందుగా ఎక్కించింది
జాబితాలో లేని ఒక నంబరు.
పేరు దగ్గర ఖాళీ వదిలేసి
పక్కన ఇలా కొట్టింది:
బి పాజిటివ్.
పిలిస్తే లేస్తాడు.