చాలు

రుయా ఆసుపత్రిలో ఇచ్చిన గొట్టం మాత్ర
సగం పసుపు, సగం బెల్లం రంగు.
"బువ్వ తిన్నాకనే మింగాల, నూనో నెయ్యో తగలాల" అనింది
కండ్లద్దాల డాక్టరమ్మ.
"పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిందా?"
అయి ఇరవై రెండేండ్లు తల్లీ,
నన్ను పిలుచుకోని పోయిన నర్సమ్మ కూడా రిటైరయిపోయింది.

మూడు నెలలకి అరచేతులు తేటబడినాయి.
నెర్రెలు పూడినాయి.
చింతపండు పిసికితే మంట లేదు.
మా వెంకటముని చెయ్యి పట్టుకోని తిప్పి తిప్పి చూసి
"కొత్త చెయ్యి" అన్నాడు.
పెండ్లినాడు కూడా అంతసేపు చూడలేదు.

గోళ్ళ సంగతి తర్వాత తెలిసింది.

ఆషాఢం. భాకరాపేటలో విత్తనం కాయ వలుపుడు.
మిషనుకేస్తే పప్పు బద్దలవుతాది, పొర లేస్తాది, మొలక రాదు.
అందుకే ఆ వసారాలో పదకొండు మంది ఆడోళ్ళం,
నడాన శెనక్కాయల గుట్ట.
కాయ ముక్కు మీద బొటనగోరు పెట్టి నొక్కితే
టప్పుమనాల.
నాకు గోరే వంగింది
తడిసిన ఉల్లిపొర మాదిరి.
ఇంకో కాయకి చీలింది.
ఇంకోదానికి, గోటి మూల ఎర్రగా ఉబ్బిన కాడ చిట్లి
పప్పు మీద నెత్తురు చుక్క.

"ఏమే రెడ్డెమ్మా, విత్తనానికి బొట్టు పెడతా ఉండావా?"
అనింది చెంగమ్మ.
అందరూ నగినారు. నేనూ నగినా.
సాయంత్రం కొలిస్తే వాళ్ళవి పదేసి శేర్లు,
నావి నాలుగు.

చెయ్యి పుండుగా ఉన్నప్పుడు
గుడ్డ చుట్టుకోని నిండు కూలి తెచ్చినా.
బాగుపడినాక సగం.
ఈ లెక్క ఎవరికి చెప్పాల?

మళ్ళీ బస్సు. మళ్ళీ చీటీ వరస.
డాక్టరమ్మ గోళ్ళమీద లైటు కొట్టి చూసింది.
"మందు వల్లే. డోసు తగ్గిస్తా. మెల్లగా సరవుతాయి."
మెల్లగా అంటే?
బొటనగోటి మొదట్లో అడ్డంగా పడిన గుంత గీత చూపించి
"ఇది కొసకి పోయేదాకా, ఆర్నెల్లు."

ఆ గీతని నేనెరగనా.
నాగలి ఆగి ఆగి పోయిన కాడ పడే చాలు.

వెంకటముని వెదురుబద్ద కాల్చి, వంచి
పట్టకారు చేసిచ్చినాడు.
దాంతో సగం పప్పులు చితుకుతాయి.
చితికినవి మా ఇంటికే, ఊరిబిండికి.
నెల్లాళ్ళు ఊరిబిండే తిన్నాం.

విత్తినారు. వాన మూడు వారాలు ఎగ్గొట్టింది.
ముసుగులో మొలకలు తలెత్తేనాటికి
నా గోటి గీత నువ్వుగింజంత జరిగింది.

కలుపు తీసి ఇంటికొస్తే
కాళ్ళకి నీళ్ళిస్తా అడుగుతాడు
"చాలు యాడిదాకా వచ్చింది?"
చేన్లోదో, చేతిలోదో.

"ఇంకా ఉండాది" అంటా.