నిరంక్

ఢిల్లీలో ఎవరో సభ్యుడు అడిగిన ప్రశ్న
ముంబై, నాగపూర్, గడ్చిరోలి మెట్లు దిగి
సాయంత్రం నాలుగింటికి
సిరోంచ ఠాణాలో నా బల్ల మీద పడింది.
పొద్దున సభ. రాత్రికే జవాబు కావాలి.

అయిదో గడి:
ఠాణాకు పిలిచాక ఇల్లు చేరనివాళ్లు,
నమోదైన ఫిర్యాదులు ఎన్ని?

సొరుగులో దుర్గం మల్లుబాయి కాగితం ఉంది,
వేలిముద్ర పక్కన పసుపు మరక.
నంబరు వెయ్యలేదు. వెయ్యొద్దన్నారు.
నంబరు లేనిది నమోదు కాదు.

'నిరంక్' అని రాశాను,
మరాఠీలో సున్నాకి ఆఫీసు పేరు.
అబద్ధం కాదు. రెండుసార్లు చూసుకున్నాను.

సోమవారం అంగడికొచ్చి
ఎండుచేపల గంప మెట్టుమీద దించి అడిగింది:
"మా పోచం ముచ్చట ఢిల్లీల అడిగిండ్రటగద సారూ,
ఏమన్నరు?"

కలం మూత కోసం బల్లంతా వెతికాను.
అది కలానికే ఉంది.