ఇంట్లో ఎంతమంది?

క్లాక్స్‌విక్ రేవు దగ్గర, చేపల గిడ్డంగి పక్కసందులో
బట్టలారబెట్టే యంత్రాలు అమ్ముతాను.
ఇరవై రెండేళ్లుగా నా మొదటి ప్రశ్న ఒకటే:
"ఇంట్లో ఎంతమంది?"

నిజం చెప్పినవాళ్లు తక్కువ.
నిన్నగాక మొన్న పెళ్లయినవాడు ఐదుగురంటాడు,
పుట్టబోయేవాళ్లను కూడా కలుపుకుని.
ఆర్నెల్లు ట్రాలర్ మీదే ఉండే మొగుణ్ణి
ఒకావిడ సగానికి లెక్కగట్టి, రెండున్నర అంది.
విడిపోయినవాళ్లు వేళ్లు మడుస్తూ మడుస్తూ
ఉంగరం వేలి దగ్గర ఆగిపోతారు.
నేను తలూపుతాను.
మనసులోనే ఒక కిలో వేస్తాను, లేదా తీస్తాను.

మా ఫ్యారో దీవుల్లో గాలికేం కరువు?
పలకల సందుల్లోంచి దూరి దూరి
కొట్టంలో వేలాడదీసిన గొర్రెమాంసాన్ని
చెక్కలా ఎండబెడుతుంది.
చొక్కా దగ్గరికొచ్చేసరికి మాత్రం
వాన దాని చెయ్యి పట్టుకుని వస్తుంది.

నవంబరులో ఒక మంగళవారం రాన్వా వచ్చింది.
గుమ్మంలోనే రెయిన్‌కోటు దులిపింది.
ఒక చేతిలో రెండు ముడులేసిన పురికొస,
ఇంకో చేతిలో చేపలు తూచే కొక్కెం కాటా.
"పెద్దది చూపించు."
"ఇంట్లో ఎంతమంది?"
"నేనొక్కదాన్నే."

ఇక మొదలుపెట్టాను, నాకు నోటికొచ్చిన పాఠం:
ఒక్కరికి పెద్దది దండగమ్మా,
అంత డ్రమ్ములో రెండు చొక్కాలేస్తే
గోడకు కరుచుకుని తిరుగుతాయి,
సెన్సరుకు తడి తగలదు,
అన్నీ ఆరిపోయాయనుకుని ఆగిపోతుంది.
తీసి చూస్తే చంకల్లో చెమ్మ చెమ్మగానే ఉంటుంది.
అట్లాగని చిన్నదాంట్లో కుక్కితే ఇంకో తంటా,
అంచులు కాగి, నడుమ పచ్చి,
దుప్పటి మెలితిరిగి మోకు అవుతుంది.
బట్టకూ బట్టకూ మధ్య గాలి నడవాలి.
డబ్బా మీద రాసిన కిలోలు పొడిబట్టల కిలోలు,
తడివి కావు.

అంతా విని, "పద్నాలుగు జెర్సీలు" అంది.
"పద్నాలుగు నిక్కర్లు. ఇరవై ఎనిమిది మేజోళ్లు,
ఒకటి తప్పిపోకపోతే.
పదమూడేళ్ల ఆడపిల్లలు, శనివారం శనివారం బురద.
క్లబ్బు గది కప్పు కారుతోంది, అందుకని నా ఇల్లు.
పొడిగానే తూచాను. ఆరున్నర.
గోల్‌కీపర్ తువ్వాలుతో ఏడు."

నా పాఠం నా నోట్లోనే చల్లారిపోయింది.
ఎనిమిది కిలోలదాని మూత తెరిచి పక్కకు నిలబడ్డాను.

పురికొస పట్టి చూశాం.
అది ఆమె నేలమాళిగ గుమ్మం వెడల్పట.
యంత్రం రెండు వేళ్లు ఎక్కువ.
"తలుపు ఊడదీస్తే?" అన్నాను.
"ఊడదీసే కొలిచాను."
కాసేపు ఇద్దరం ఆ రెండు వేళ్లనే చూస్తూ కూర్చున్నాం.
"అయితే మాంసం కొట్టంలో పెడతాను" అంది చివరికి.
"బట్టలకు వాసనొస్తుందే!"
"రానీ. అవతలి జట్టుకు ఆకలేస్తుంది."

కొట్టంలో పెడితే గ్యారంటీ చెల్లదు.
అది చెప్పడం నా ఉద్యోగం.
బిల్లు రాసిచ్చాను, చెప్పలేదు.

ఆమె వెళ్లాక చూస్తే కాటా గల్లాపెట్టె మీదే ఉండిపోయింది.

మా ఇంట్లోది తొమ్మిది కిలోలది.
సిబ్బందికి తగ్గింపిచ్చిన ఏడాది కొన్నాను,
కాగితం మీద నలుగురని రాశాను,
అప్పటికది అబద్ధం కాదు.
ఇప్పుడు నా బట్టలతో పాటు
నాలుగు తువ్వాళ్లు తడిపి వేస్తాను,
లేకపోతే పది నిమిషాలకే
అయిపోయిందని గంట కొడుతుంది.

ఆ రాత్రి వారం బట్టలు మూటగట్టి
కొక్కేనికి తగిలించాను.
ముల్లు కాస్త వణికి, రెండు దగ్గరికి రాకుండానే నిలిచింది.
ఇంకాసేపు పట్టుకునే ఉన్నాను,
చెయ్యి నొప్పెట్టేదాకా.

పొద్దున్నే కాటా ఇచ్చి రావాలి.
కొక్కెం మొదట్లో చేపపొలుసు ఒకటి అంటుకుని ఉంది,
ఎప్పటిదో,
బాగా ఆరిపోయి.