డ్రాయరు నంబరు పద్నాలుగు

తిరుపతి యూనివర్సిటీ జియాలజీ మ్యూజియంలో
పద్నాలుగో డ్రాయరు లాగితే కిర్రుమంటుంది.
పాత గుడ్డ మీద ఒక చుట్ట రాయి,
చిన్న మురుకంత.
జర్మనీ నుంచి మార్పిడి కింద వచ్చిందట,
మనం ఏ రాయి ఇచ్చామో ఎవరికీ గుర్తులేదు.

దాని కింద చీటీ. చీటీ కింద చీటీ. ఇంకోటి.
అడుగుది నాకు ముందు పనిచేసిన జయరామ పిళ్లె అతికించింది,
పై రెండూ నావి.
మైదా జిగురు బొద్దింకలు తిన్నంతమేరా
పాత అక్షరాలు తొంగిచూస్తాయి.

మొదట అది నాటిలస్‌కి చుట్టం,
గదుల గోడలు మెలికలు తిరగలేదని.
తర్వాత అమ్మోనైటు వంశం.
మూడోసారి నేనే ఇండియన్ ఇంకుతో రాశాను:
క్లైమీనియా.
పక్కన ప్రొఫెసరమ్మ పెట్టమన్న ప్రశ్నార్థకం.

దామలచెరువు మండీలో మా నాయన
మామిడికాయలు ఏరేవాడు.
ముక్కు చూసి తోతాపురి,
కళ్లు మూసుకుని వాసనకి ఖాదర్.
ఏదీ కాని కాయని పక్కన పెట్టి
"ఇది దానికదే" అనేవాడు.
ఆ గంపకి ధర పలికేది కాదు.
సాయంత్రం మా ఇంటికొచ్చేది ఆ గంపే.

పుంగనూరు నుంచి వచ్చిన పరిశోధక పిల్ల మునికుమారి
రాయిని దీపం కింద వంచి చూపించింది:
"చూడన్నా, గది నించి గదికి పోయే సన్న గొట్టం.
అమ్మోనైట్లకంతా బయటి అంచున పోతాది,
దీనికొక్కదానికి లోపలంచున.
అందుకే పెద్దపెద్దోళ్లు తికమకపడింది."

దారంకన్నా సన్నగా ఒక తెల్ల గీత,
మలుపు లోపల ఒదిగి.
ఆ గొట్టంతోనే తేలింది, మునిగింది.
పక్కన పోయే చేప ఏదీ
నీ ఇంటిపేరేందని అడిగుండదు.

పన్నెండేళ్లు నేను కూడా
దినకూలీ, ఎన్నెమ్మార్, టైమ్ స్కేలు,
ఆఫీసులో మూడు ఫైళ్లు.
చేసింది మాత్రం అదే దుమ్ము దులపడం, అవే పేర్లు రాయడం.

నాలుగో చీటీ ఇవాళ రాయాలి.
ప్రశ్నార్థకం తీసెయ్యమన్నారు.
కిటికీ అవతల కొండ ఎర్రగా, సగం దాకా ఎండ.
ఆ కొండ రాయి గట్టిపడేనాటికి
లోకంలో గవ్వ అనేదే లేదంట.

పాళీ ముంచాను.
పేరు. కాలం. డ్రాయరు నంబరు.
ప్రశ్నార్థకం ఉండాల్సిన చోట
ఇంకు చుక్క ఒకటి రాలింది.
అద్దుడు కాగితం కోసం లేవబోయి
లేవలేదు.